మూడు దిక్కులు, ఒకే దుప్పటి: భారత రక్షణ వ్యూహంలోని చిక్కుముడి

2025లో జరిగిన కొన్ని సంగతులను వరుసగా పేర్చి చూడండి. మేలో పాకిస్తాన్‌తో నాలుగు రోజుల పోరు. ఆ పోరులో అటువైపు ఎగిరిన వాటిలో చైనా తయారీ జె-10సీ యుద్ధ విమానాలున్నాయి. ఆగస్టు 27న, రష్యా చమురు కొంటున్నామన్న కారణం చూపి అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. నాలుగు రోజులకే ప్రధాని మోదీ చైనాలోని తియాన్‌జిన్‌లో షీ జిన్‌పింగ్‌ను కలిశారు. అక్టోబరు 31న కౌలాలంపూర్‌లో, సుంకాలు వేసిన ఆ అమెరికాతోనే పదేళ్ల రక్షణ సహకార ఒప్పందం మీద రాజ్‌నాథ్ సింగ్ సంతకం చేశారు. డిసెంబరు తొలి వారంలో పుతిన్ ఢిల్లీలో దిగారు.

ఇంతకీ మనం ఎవరి వైపు? టీవీ చర్చల్లో దీనికి రెండే జవాబులు వినిపిస్తాయి. అందరినీ ఆడిస్తున్నామని ఒకరు, దిక్కు తోచక తిరుగుతున్నామని ఇంకొకరు. ఇద్దరూ దౌత్యం దగ్గరే ఆగిపోతారు. ఎవరితో చేతులు కలపాలన్నది నిజానికి చివర్లో వచ్చే ప్రశ్న. దానికి ముందు నేల ఎలా ఉంది, నీళ్లు ఎలా ఉన్నాయి, ఖజానాలో ఎంతుంది అన్న ప్రశ్నలున్నాయి. మనకు ఉత్తరాన కొండలు, పడమట మైదానాలూ ఎడారీ, దక్షిణాన సముద్రం. మూడు చోట్లా యుద్ధం తీరు వేరు. కప్పుకోవడానికి ఉన్నది మాత్రం ఒకే దుప్పటి. కాళ్లకు లాగితే తల బయటపడుతుంది.

గోడ కట్టడం, భయపెట్టడం, గట్టు జరపడం

రక్షణ వ్యూహం అనగానే ఎవరికెన్ని విమానాలు, ఎన్ని ట్యాంకులు అన్న పట్టిక గుర్తొస్తుంది. ఆ పట్టిక వ్యూహం కాదు. దేన్ని కాపాడుకోవాలి, ఎవరి నుంచి, చేతిలో ఉన్నదానితో ఎలా అన్న ప్రశ్నలకు ఒకదానితో ఒకటి పొసిగే జవాబులు దొరికితే అది వ్యూహం. విడివిడిగా జవాబులు అందరి దగ్గరా ఉంటాయి. అవి పొసగడమే కష్టం.

ఇందులో తరచూ వినిపించే మాట ‘నిరోధం’. ఎదుటివాడు దాడి చేయాలన్న ఆలోచననే మానుకునేలా చేయడం. దీనికి రెండు దారులున్నాయి. దొంగల భయం ఉన్న ఒక ఇంటాయన గోడ ఎత్తు పెంచి, తలుపుకు గట్టి గడియ పెట్టిస్తాడు. దూరడం కుదరదని దొంగకు చూడగానే అర్థమవుతుంది. దీన్ని అడ్డుకట్ట నిరోధం అందాం. ఇంకొకాయన గోడ జోలికే పోడు. తన ఇంట్లో చేయి పెట్టినవాడి చేయి ఉండదని ఊరంతా అనుకునేలా బతుకుతాడు. ఇది శిక్షా నిరోధం. మొదటిదానికి గోడ పొడవునా ఖర్చు పెట్టాలి. రెండోదానికి ఖర్చు తక్కువే కానీ, అన్నంత పనీ చేస్తాడని ఎదుటివాడు నమ్మాలి.

ఈ రెండింటికీ దొరకని మూడో రకం పొరుగువాడు ఒకడుంటాడు. పొలం గట్టును ఏటా జానెడు జరిపేవాడు. జానెడు నేల కోసం ఎవరూ కత్తులు దూయరు కదా అన్నది అతని ధైర్యం. పదేళ్లు గడిచాక చూస్తే రెండు సెంట్లు పోయి ఉంటాయి. ఏ ఏడు తగువు పెట్టుకుని ఉండాల్సిందో ఎవరూ చెప్పలేరు.

ఉత్తరాన: మ్యాపు మీద ఒప్పుకోని రేఖ

చైనాతో మనకున్నది సరిహద్దు కాదు, వాస్తవాధీన రేఖ. అంటే ఎవరి చేతిలో ఏముందో దాన్ని సూచించే గీత. దాని పొడవు 3,488 కిలోమీటర్లని మన లెక్క. చైనా దాదాపు 2,000 కిలోమీటర్లే అంటుంది. పొడవు మీదే ఇంత తేడా ఉంటే గీత ఎక్కడ పోతోందన్న దాని మీద ఏకాభిప్రాయం ఎక్కడిది? చాలాచోట్ల ఇద్దరూ తమదనుకునే జాగా ఒకటే. అక్కడికి ఇద్దరూ గస్తీకి వెళ్తారు. ఎదురుపడతారు.

ఎదురుపడినప్పుడు తుపాకులు పేలకూడదని 1993, 1996 సంవత్సరాల్లో ఒప్పందాలు రాసుకున్నారు. రేఖకు రెండు కిలోమీటర్ల లోపు కాల్పులు జరపరాదన్న నియమం 1996 నాటిదే. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో రెండు అణ్వస్త్ర దేశాల సైనికులు రాళ్లతో, మేకులు దిగ్గొట్టిన కర్రలతో కొట్టుకోవడానికి కారణం ఆ కట్టుబాటే. సూర్యాపేటకు చెందిన కర్నల్ సంతోష్‌బాబు సహా 20 మంది మనవాళ్లు అమరులయ్యారు. తమవాళ్లు నలుగురు చనిపోయారని చైనా 2021 ఫిబ్రవరిలో ఒప్పుకుంది. ఈ రేఖ మీద 45 ఏళ్ల తర్వాత పోయిన ప్రాణాలవి.

గట్టు జరిపే పొరుగువాడి మీద అణుబాంబు పనిచేయదు. ఒక పచ్చిక బయలు కోసం బీజింగ్ మీద క్షిపణి వేస్తామంటే ఎవరూ నమ్మరు. కాబట్టి ఇక్కడ మిగిలేది అడ్డుకట్టే. కొండల్లో అడ్డుకట్ట అంటే గోడ కాదు, రోడ్డు. ఎవరు ముందు చేరతారు, ఎవరు ఎక్కువ రోజులు తిండీ మందుగుండూ మోసుకుంటూ నిలబడతారు అన్నదాని మీదే అక్కడ అంతా ఆధారపడుతుంది.

ఈ సంగతి మనకు ఆలస్యంగా ఎక్కింది. 1962 దెబ్బ తర్వాత చాలా ఏళ్లు మన ఆలోచన తలకిందులుగా నడిచింది. సరిహద్దు దాకా రోడ్లు వేస్తే అవే రోడ్ల మీద శత్రువు లోపలికి దిగుతాడు, కనుక సరిహద్దును అభివృద్ధి చేయకపోవడమే మంచి రక్షణ అనుకున్నారు. ఈ మాటను 2013లో రక్షణ మంత్రి ఏ.కె. ఆంటోనీ పార్లమెంటులోనే ఒప్పుకున్నారు. ఆ తర్వాత పరుగు మొదలైంది. లద్దాఖ్‌లో దర్బూక్ నుంచి దౌలత్ బేగ్ ఓల్డీ దాకా 255 కిలోమీటర్ల రోడ్డు 2019లో పూర్తయింది. రోహ్‌తంగ్ కింద తొమ్మిది కిలోమీటర్ల అటల్ సొరంగం 2020 అక్టోబరులో, అరుణాచల్‌లో సేలా సొరంగం 2024 మార్చిలో తెరుచుకున్నాయి. జోజీలా సొరంగం పని సాగుతోంది. ఫోటోల్లో యుద్ధ విమానానికి ఉన్న అందం సొరంగానికి ఉండదు. కానీ మంచు కాలంలో కూడా లారీలు ఆగకుండా పోతే, అక్కడ ముందుగానే ఆరు నెలల సరుకు నిల్వ చేసుకోవాల్సిన బాధ తగ్గుతుంది.

అడ్డుకట్ట ఎలా పనిచేస్తుందో ఒక ఉదాహరణ. గల్వాన్ తర్వాత రెండున్నర నెలలకు, 2020 ఆగస్టు 29–30 రాత్రి, మన దళాలు పాంగాంగ్ సరస్సు దక్షిణ ఒడ్డున కైలాస్ శ్రేణి శిఖరాలను ఎక్కి కూర్చున్నాయి. తెల్లవారేసరికి కింద ఉన్న మోల్డోలోని చైనా శిబిరం మన కళ్ల ముందుంది. అప్పటిదాకా చర్చల్లో కదలని చైనా, 2021 ఫిబ్రవరిలో సరస్సు రెండు ఒడ్ల నుంచీ వెనక్కి తగ్గడానికి ఒప్పుకుంది. మనమూ ఆ శిఖరాలు దిగి వచ్చాం.

ఇక్కడే వాదన. లద్దాఖ్‌లోనే ఉన్న దెప్సాంగ్, దెమ్‌చోక్ తగువులు తేలకముందే చేతిలో ఉన్న ఒకే ఒక్క తురుపుముక్కను వదిలేశామని కొందరు మాజీ సైనికాధికారులు అంటారు. శిఖరాల మీద ట్యాంకులు ఎదురెదురుగా కొన్ని గజాల దూరంలో నిలబడి ఉన్నప్పుడు ఒక తప్పు అడుగు యుద్ధానికి దారితీసేదని, ఆ ఒత్తిడిని బేరంలో ఇచ్చిపుచ్చుకోవడానికే వాడుకోవాలని మరికొందరు. దెప్సాంగ్, దెమ్‌చోక్‌లలో గస్తీ మీద ఒప్పందం కుదిరేసరికి 2024 అక్టోబరు వచ్చింది. అంటే ఇంకో మూడున్నరేళ్లు. మొదటి వాదనలో బలం ఉందనే నాకనిపిస్తుంది. అయితే ఆ శిఖరాల మీద మరిన్ని చలికాలాలు గడపాల్సి వచ్చేది సైనికులే కానీ వ్యాసాలు రాసేవాళ్లు కాదు.

ఆకాశంలో మాత్రం ప్రకృతి కొంత మన వైపుంది. టిబెట్‌లో చైనా వైమానిక స్థావరాలు చాలావరకు సముద్రమట్టానికి మూడున్నర వేల మీటర్లకు పైబడిన ఎత్తున ఉంటాయి. పలుచటి గాలిలో విమానం నిండా ఇంధనం, బాంబులు వేసుకుని లేవలేదు. మన తేజ్‌పూర్, హాసిమారా మైదానాల్లో ఉన్నాయి. ఈ లోటును చైనా రాకెట్లు, దూరశ్రేణి క్షిపణులతో, కొత్త రన్‌వేలతో పూడ్చుకుంటూ వస్తోంది.

పడమట: మెట్లు ఎక్కే ఆట

పాకిస్తాన్ వైపు లెక్క పూర్తిగా వేరు. ఇక్కడ అడ్డుకట్ట కట్టడం దాదాపు అసాధ్యం. ఉగ్రవాది పదిమందిలో ఒకడిగా వస్తాడు, గోడ అతన్ని ఆపలేదు. కాబట్టి మనం శిక్ష దారి పట్టాం. కానీ ఎంత శిక్ష?

2001 డిసెంబరు 13న పార్లమెంటు మీద దాడి జరిగాక సైన్యాన్ని సరిహద్దుకు కదిలించారు. భోపాల్, మథుర వంటి చోట్ల నుంచి దాడి దళాలు వెళ్లి మోహరించేసరికి దాదాపు మూడు వారాలు పట్టింది. ఈలోపు పాకిస్తాన్ సర్దుకుంది, అమెరికా ఒత్తిడి మొదలైంది. పది నెలలు నిలబడి యుద్ధం చేయకుండానే వెనక్కి వచ్చారు. దాన్నుంచి పుట్టిందే ‘కోల్డ్ స్టార్ట్’ ఆలోచన. చిన్న దళాలతో, గంటల్లో, అణుయుద్ధం రాని లోతు వరకే దెబ్బ కొట్టడం. దానికి జవాబుగా పాకిస్తాన్ 2011లో 60 కిలోమీటర్లు వెళ్లే ‘నస్ర్’ అనే చిన్న అణుక్షిపణిని పరీక్షించింది. మీ చిన్న దెబ్బకూ మా దగ్గర అణుజవాబు ఉంది అన్నది దాని సందేశం.

అప్పటి నుంచి మన జవాబు నేల మీద నుంచి ఆకాశంలోకి మారింది. 2016లో ఉరీ తర్వాత నియంత్రణ రేఖ దాటి కమాండోల దాడి. 2019లో పుల్వామా తర్వాత బాలాకోట్ మీద విమానాలు. 2025 ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మందిని చంపాక, మే 7న తొమ్మిది చోట్ల దాడులు, ఆ తర్వాత వైమానిక స్థావరాల మీద క్షిపణులు. ప్రతిసారీ ఒక మెట్టు పైకి.

దీన్ని రెండు రకాలుగా చదువుతున్నారు. అణుబూచి చూపించి తప్పించుకునే వీలు పాకిస్తాన్‌కు పోయిందని, ప్రతి మెట్టూ అది నిరూపించిందని ఒక పక్షం. ఉరీ తర్వాత పుల్వామా, పుల్వామా తర్వాత పహల్గాం జరిగాయి కనుక శిక్ష భయం పనిచేయలేదని, పైగా ప్రతిసారీ ఒక మెట్టు ఎక్కుతూ పోతే పైమెట్టు ఎక్కడుందో ఎవరికీ తెలియదని రెండో పక్షం. నిరోధం గురించిన వాదనల్లో ఎప్పుడూ ఉండే ఇబ్బంది ఇది. జరిగిన దాడులు లెక్కకొస్తాయి, జరగకుండా ఆగినవి లెక్కకు రావు.

ఇక అణువిధానం గురించి క్లుప్తంగా. ముందుగా ప్రయోగించబోమని భారత్ 2003 జనవరిలో అధికారికంగా ప్రకటించింది. పాకిస్తాన్ అలాంటి మాట ఇవ్వలేదు. ముందు కొట్టనన్న దేశానికి, మొదటి దెబ్బ తిన్నాక కూడా తిరిగి కొట్టగల ఆయుధం కావాలి. నేల మీద ఉన్నది నాశనం కావచ్చు. సముద్రం అడుగున దాక్కున్నది మిగులుతుంది. విశాఖపట్నంలో అరిహంత్ తరగతి అణు జలాంతర్గాములు కట్టడం వెనుక తర్కం అదే. రెండోదైన అరిఘాత్ 2024 ఆగస్టులో నౌకాదళంలో చేరింది. మొదట్లో వీటికున్న క్షిపణి 750 కిలోమీటర్లే వెళ్తుంది. బంగాళాఖాతం నుంచి చైనా లోపలి నగరాలను చేరాలంటే 3,500 కిలోమీటర్ల కె-4 కావాలి. ‘నో ఫస్ట్ యూజ్’ అనే మూడు మాటలకు ఇంత ఇనుము అవసరమవుతుంది.

ఇద్దరు శత్రువులా, ఒకరేనా?

‘రెండు సరిహద్దుల యుద్ధం’ అన్న మాట చాలాకాలంగా వింటున్నాం. చైనా, పాకిస్తాన్ ఒకేసారి దాడి చేస్తే ఎలా అన్నది ప్రశ్న. 2025 మే చూపించినది కొంచెం వేరు. చైనా ఒక్క తూటా పేల్చలేదు. అయినా పోరులో ఉంది. పోరు సాగుతున్నప్పుడే మన దళాల కదలికలు చైనా నుంచి పాకిస్తాన్‌కు అందాయని సైన్యం ఉప అధిపతి లెఫ్టినెంట్ జనరల్ రాహుల్ సింగ్ జులైలో బహిరంగంగా చెప్పారు. బయటి సాయం మాట అబద్ధమని పాకిస్తాన్ కొట్టిపారేసింది. తమ సహకారం మూడో దేశానికి వ్యతిరేకం కాదన్నది చైనా మాట. ఆయుధాల సంగతిలో మాత్రం దాపరికం లేదు. ఆయుధ కొనుగోళ్లను లెక్కగట్టే స్టాక్‌హోంలోని సిప్రి పరిశోధన సంస్థ ప్రకారం 2020–24 మధ్య పాకిస్తాన్ దిగుమతి చేసుకున్న ఆయుధాల్లో 81 శాతం చైనావి.

దుప్పటి లాగులాట ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. పాకిస్తాన్ లోపలికి చొచ్చుకుపోవడానికి మనకు మూడు దాడి కోర్‌లు, అంటే పెద్ద సైనిక విభాగాలు, ఉండేవి. మథుర, అంబాలా, భోపాల్. గల్వాన్ తర్వాత మథుర కోర్‌ను ఉత్తర సరిహద్దుకు మళ్లించారు. ఒక్క నిర్ణయంతో పడమటి దాడి కోర్‌లలో మూడింట ఒక వంతు తగ్గింది. కొండల్లో యుద్ధానికి కావాల్సింది వేరు కనుక, అవసరమొస్తే రాత్రికి రాత్రి తిరిగి ఎడారికి తేవడమూ కుదరదు. ఒక పెద్ద శత్రువు తాను కదలకుండానే మన బలగాన్ని కట్టిపడేయగలగడం అంటే ఇదే.

దక్షిణాన: మలక్కా మీద పెట్టుకున్న ఆశ

కొండల్లో చైనాకు అనుకూలత ఉంటే సముద్రంలో మనకుంది అన్నది పాత వాదన. చైనా దిగుమతి చేసుకునే చమురులో అధిక భాగం హిందూ మహాసముద్రం దాటి మలక్కా జలసంధి గుండా పోతుంది. ఆ జలసంధి ఒకచోట మూడు కిలోమీటర్లు కూడా ఉండదు. దాని ముఖద్వారం దగ్గరే మన గ్రేట్ నికోబార్ ఉంది. దాని దక్షిణ కొస నుంచి ఇండోనేషియా సుమారు 150 కిలోమీటర్లు. లద్దాఖ్‌లో చైనా గట్టు జరిపితే మనం ఇక్కడ పీక నొక్కవచ్చు కదా?

మ్యాపు చూస్తే ఎంతో తేలిక. ఓడలోకి ఎక్కి చూస్తే అంత తేలిక కాదు. ఒక చమురు నౌకను ఆపామనుకుందాం. చమురు సౌదీది, నౌక మీద జెండా లైబీరియాది, నడిపేవాళ్లు ఫిలిప్పీన్స్ వాళ్లు, బీమా లండన్‌ది. అది చైనాకు పోతోందా, జపాన్‌కా అన్నది పత్రాల్లో తప్ప కనిపించదు. దారిలోనే అమ్ముడై గమ్యం మారిపోతుంది కూడా. అన్నింటినీ ఆపితే జపాన్, కొరియా, సింగపూర్ మన మీద పడతాయి. ఆపడం యుద్ధ చర్య కిందికి వస్తుంది. సుండా, లొంబోక్ జలసంధుల గుండా చుట్టూ తిరిగి పోవచ్చు. మయన్మార్ తీరం నుంచి కున్‌మింగ్‌కు 2017 నుంచి చమురు పైపు ఉంది, చైనా దగ్గర నిల్వలున్నాయి. అన్నిటికంటే ముఖ్యం కాలం. దిగ్బంధం నొప్పి తెలియడానికి నెలలు పడుతుంది. కొండల్లో గట్టు జరగడం ఒక్క వారంలో అయిపోతుంది.

అందుకని సముద్రం పనికిరాదని కాదు. నౌకాదళ పరిభాషలో రెండు మాటలున్నాయి. సముద్రం మన చేతిలో ఉంచుకోవడం ఆధిపత్యం. ఎదుటివాడికి దక్కకుండా చేయడం నిరాకరణ. మొదటిదానికి విమానవాహక నౌకలు కావాలి. రెండోది జలాంతర్గాములు, తీరం నుంచి కొట్టే బ్రహ్మోస్ వంటి క్షిపణులు, నిఘా విమానాలతో చాలా తక్కువలో సాగుతుంది. మనకు విక్రమాదిత్య, విక్రాంత్ ఉన్నాయి. మూడోది కావాలా అన్నది ఏళ్లుగా తెగని తగువు. కావాలనేవారు మలక్కా నుంచి ఆఫ్రికా తీరం దాకా మన జెండా కనిపించాలంటారు. 2017 నుంచి జిబూటీలో చైనాకు స్థావరం ఉందని, అదే ఏడు శ్రీలంకలోని హంబన్‌తోట రేవు 99 ఏళ్ల కౌలుకు చైనా కంపెనీ చేతికి వెళ్లిందని గుర్తుచేస్తారు. వద్దనేవారు ఆ సొమ్ముతో ఎన్ని జలాంతర్గాములు వస్తాయో లెక్కేస్తారు. చైనా నుంచి పాకిస్తాన్ ఎనిమిది కొత్త జలాంతర్గాములు తీసుకుంటున్నప్పుడు ఆ లెక్కను పక్కన పెట్టలేం.

గ్రేట్ నికోబార్‌లో రేవు, విమానాశ్రయం కట్టాలన్న పథకం ఈ వ్యూహం పేరుతోనే ముందుకెళ్తోంది. అక్కడ షోంపెన్ తెగ మనుషులు ఉన్నారు, గలతియా తీరంలో తోలు తాబేళ్లు గుడ్లు పెడతాయి. సరుకు రవాణా రేవుకూ సైనిక స్థావరానికీ అవసరాలు ఒకటి కావు కనుక, రక్షణ అనే ఒక్క మాటతో రెంటినీ కలిపి కట్టేయడం సబబేనా అన్న ప్రశ్నకు సూటిగా జవాబు రావాల్సి ఉంది.

నూరు రూపాయల్లో తుపాకీకి ఎంత?

2025–26 రక్షణ బడ్జెట్ 6.81 లక్షల కోట్ల రూపాయలు. దీన్ని నూరు రూపాయలనుకుంటే, జీతాలకు, రేషన్లకు, ఇంధనానికి, మరమ్మతులకు దాదాపు 46 రూపాయలు పోతాయి. పింఛన్లకు దాదాపు 24. రక్షణ శాఖలోని పౌర సంస్థలకు 4. కొత్త ఆయుధాలకు, నిర్మాణాలకు మిగిలేది 26 రూపాయల చిల్లర. రాఫెల్, జలాంతర్గామి, సొరంగం, డ్రోన్, అన్నీ ఈ ఇరవై ఆరులోంచే పంచుకోవాలి.

చైనాతో పోల్చి చూస్తే, 2024లో చైనా సైనిక వ్యయం 314 బిలియన్ డాలర్లని, మనది 86 బిలియన్లని సిప్రి అంచనా. మూడున్నర రెట్లకు పైనే. ఆ దేశ ఆర్థిక వ్యవస్థ మనదానికి దాదాపు ఐదింతలు. కాబట్టి వాళ్లతో సమానంగా ఖర్చు పెట్టాలన్న మాట వినడానికి బాగుంటుంది కానీ, అలా పెడితే బడుల సొమ్ము, ఆసుపత్రుల సొమ్ము అటే పోతాయి.

2022లో వచ్చిన అగ్నిపథ్ సైనిక నియామక పథకాన్ని ఈ నూరు రూపాయల లెక్కలో పెట్టి చూడాలి. నాలుగేళ్లు పనిచేశాక నాలుగింట ఒక వంతు మందినే ఉంచుకుని మిగతావాళ్లను పంపేస్తే, ఇరవై ఏళ్ల తర్వాత పింఛను భారం తగ్గుతుంది, దళం సగటు వయసూ తగ్గుతుంది. ఇది సమర్థించేవారి మాట. కాదనేవారు కొండల్లో నిలబడేది అనుభవం, రెజిమెంట్ మీద మమకారం అంటారు. నాలుగేళ్లలో ఒక ట్యాంకు గన్నర్‌నో, రాడార్ సాంకేతిక నిపుణుడినో తయారు చేసేలోపే ఇంటికి పంపాల్సి వస్తుందంటారు. ఇంకో మాట కూడా ఉంది. పొదుపు ఫలితం కనిపించేది రెండు దశాబ్దాల తర్వాత. ఖాళీలు కనిపిస్తున్నది ఇప్పుడు. వాయుసేనకు మంజూరైనవి 42 యుద్ధ విమాన స్క్వాడ్రన్లు (దళాలు). 2025 సెప్టెంబరులో మిగ్-21లు విరమించాక ఉన్నవి 29.

చేయందించేవాళ్లు: వదిలేస్తారా, ఇరికిస్తారా?

దుప్పటి చాలనప్పుడు పొరుగింటి దుప్పటి అడగాలి. పెద్ద దేశంతో జట్టు కట్టే ఏ దేశానికైనా రెండు భయాలుంటాయి. అవసరం వేళ వదిలేస్తుందేమో అన్నది ఒకటి. తనకు సంబంధం లేని యుద్ధంలోకి లాగుతుందేమో అన్నది రెండోది. ఒక భయం తగ్గించుకోవడానికి దగ్గరైతే రెండోది పెరుగుతుంది. తైవాన్ కోసం అమెరికా, చైనా తలపడితే మన రేవుల్లో అమెరికా నౌకలు ఇంధనం నింపుకోవచ్చా? 2016లో రాసుకున్న రవాణా సాయం ఒప్పందం ప్రకారం ప్రతిసారీ మనం విడిగా సరేననాలి. ఆ వెసులుబాటు కావాలనే పెట్టుకున్నాం.

గల్వాన్ తర్వాతి కొన్ని నెలలు ఈ సర్దుబాటుకు మంచి నమూనా. పోరు జరిగిన వారం తిరిగేసరికి రాజ్‌నాథ్ సింగ్ మాస్కోలో ఉన్నారు. మన ట్యాంకులు, సుఖోయ్ విమానాల విడిభాగాలు అక్కడి నుంచే రావాలి. అదే ఏడు నవంబరుకు అమెరికా నుంచి అద్దెకు తెచ్చుకున్న రెండు సీ గార్డియన్ నిఘా డ్రోన్లు హిందూ మహాసముద్రం మీద తిరుగుతున్నాయి. ఆయుధం ఒకరిది, కన్ను ఒకరిది.

ఈ పద్ధతికి వ్యూహాత్మక స్వయంప్రతిపత్తి అని పేరు. దాని ఖరీదు విడిభాగాల దుకాణంలో తెలుస్తుంది. 2018లో రష్యాతో 5.43 బిలియన్ డాలర్లకు ఐదు ఎస్-400 గగనతల రక్షణ వ్యవస్థల ఒప్పందం కుదిరింది. 2025 నాటికి మూడు వచ్చాయి, ఉక్రెయిన్ యుద్ధంతో మిగతావి ఆలస్యమయ్యాయి. దేశంలోనే తయారయ్యే తేజస్ మార్క్-1ఏ యుద్ధ విమానాలు 83 కావాలని 2021లో ఆర్డరు ఇచ్చారు. దానికి ఇంజిన్ అమెరికాలోని జీఈ కంపెనీది. మొదటి ఇంజిన్ 2025 మార్చిలో వచ్చింది, అదీ రెండేళ్ల ఆలస్యంతో. ఒకరి యుద్ధం వల్ల ఒకటి ఆగితే, ఇంకొకరి కర్మాగారం ఇబ్బందుల వల్ల మరొకటి ఆగింది. రష్యా మీద ఆధారపడటం మాత్రం వేగంగా తగ్గుతోంది. మన ఆయుధ దిగుమతుల్లో రష్యా వాటా 2010–14లో 72 శాతం, 2020–24లో 36 శాతం.

అమెరికాకు ఇంకా దగ్గర కావాలనేవారు చెప్పే కారణం సూటిగా ఉంటుంది. చైనాతో తేడా పెరుగుతోంది, ఒంటరిగా పూడ్చలేం, రష్యా రోజురోజుకూ చైనా మీదే ఆధారపడుతోంది. దూరం పాటించాలనేవారు 1998 అణుపరీక్షల తర్వాతి ఆంక్షలను గుర్తుచేస్తారు. అప్పుడు తేజస్ పని కూడా దెబ్బతింది. ఇప్పుడు 2025 ఆగస్టు సుంకాలు వాళ్ల చేతికి కొత్త ఉదాహరణ అందించాయి. ఒక్క విషయంలో మాత్రం ఇద్దరికీ చెప్పుకోదగిన జవాబు లేదు. 2024–25లో చైనాతో మన వాణిజ్య లోటు 99 బిలియన్ డాలర్లు. ఎవరి నుంచి కాపాడుకోవాలని ఇంత ఖర్చు పెడుతున్నామో, మన కర్మాగారాల్లో విడిభాగాలు, మందుల ముడిసరుకు వాళ్ల దగ్గర నుంచే వస్తున్నాయి. 2025 ఏప్రిల్‌లో అరుదైన లోహాల అయస్కాంతాల ఎగుమతి మీద చైనా ఆంక్షలు పెట్టినప్పుడు మన వాహన పరిశ్రమ ఉలిక్కిపడింది.

కాగితం మీద లేని వ్యూహం

ఇంత చెప్పుకున్నాక, ఈ వ్యూహం అంతా ఎక్కడ రాసి ఉంది అని అడిగితే? బయటికి విడుదల చేసిన జాతీయ భద్రతా వ్యూహ పత్రం భారత్‌కు లేదు. జపాన్ 2022 డిసెంబరులో ఒకటి ప్రచురించింది. పాకిస్తాన్ కూడా 2022 జనవరిలో విధాన పత్రం విడుదల చేసింది. రాసి ఉంటే ఏ దళానికి ఎంత సొమ్మో తేల్చడం తేలికవుతుందని, లేకపోతే ఎవరికి వాళ్లు తమ కోరికల జాబితా పట్టుకొస్తారని ఒక వాదన. రాసుకున్న మాట చేతులు కట్టేస్తుందని, పత్రం లేనంత మాత్రాన ఆలోచన లేనట్టు కాదని ఎదురు వాదన. పాకిస్తాన్ పత్రం ఆ దేశానికి ఏం ఒరగబెట్టిందని కూడా అడుగుతారు. అది కొట్టిపారేయదగ్గ ప్రశ్న కాదు.

పత్రం సంగతి ఎలా ఉన్నా, దాని లోటు థియేటర్ కమాండ్ల చర్చలో బయటపడుతోంది. థియేటర్ కమాండ్ అంటే ఒక యుద్ధరంగంలో ఆర్మీ, వాయుసేన, నౌకాదళం మూడూ ఒకే అధికారి కింద పనిచేయడం. 2016 నుంచి వాస్తవాధీన రేఖ మొత్తాన్ని చైనా తరఫున ఒకే కమాండ్ చూస్తోంది. మన వైపు అదే రేఖను ఉధంపూర్, లక్నో, కోల్‌కతాల్లోని ఆర్మీ కమాండ్లు, వాటితోపాటు వేర్వేరు వైమానిక కమాండ్లు పంచుకుంటాయి. మూడు దళాలకూ కలిపి మొత్తం 17 కమాండ్లు. వీటిని కుదించి ఉమ్మడిగా మార్చాలని 2020 జనవరిలో త్రిదళాధిపతి పదవి మొదలైనప్పటి నుంచి ప్రయత్నిస్తున్నారు.

వాయుసేనకు దీని మీద సందేహాలున్నాయి. 2025 ఆగస్టులో మహూలో జరిగిన సమావేశంలో వాయుసేనాధిపతి ఏ.పి. సింగ్ తొందరపడొద్దన్నారు. ముందు ఢిల్లీలో ఉమ్మడి ప్రణాళికా కేంద్రం చాలన్నారు. ఉన్న కొద్ది స్క్వాడ్రన్లను మూడు ముక్కలుగా పంచితే ఎక్కడా చాలవన్నది వాళ్ల భయం. విమానం ఉదయం పఠాన్‌కోట్‌లో, సాయంత్రం తేజ్‌పూర్‌లో ఉండగలదు, దాన్ని ఒక రంగానికి కట్టేయడమెందుకు అంటారు. ఉమ్మడి కమాండ్లకు కట్టుబడి ఉన్నామని నౌకాదళాధిపతి దినేశ్ త్రిపాఠి అదే వేదిక మీద చెప్పారు.

ప్రస్తుతానికైతే తూర్పు దిక్కును కాచే మూడు కేంద్రాలు మూడు ఊళ్లలో ఉన్నాయి. ఆర్మీది కోల్‌కతాలో, వాయుసేనది షిల్లాంగ్‌లో, నౌకాదళానిది విశాఖలో. అరుణాచల్‌లో ఒక రాత్రి ఏదైనా మొదలైతే, ఆ ముగ్గురు కమాండర్ల పైన ఉన్న ఉమ్మడి గది ఢిల్లీలోనే ఉంది.